అతిథి ఇంజనుకు మూడు రోజులు చాలవు

బ్రిటన్‌లో చలి కాస్త తగ్గితే చాలు, పాత ఆవిరి రైళ్ళను కాపాడి నడిపే హెరిటేజ్ రైల్వేల్లో స్టీమ్ గాలాలు, అంటే ఆవిరి ఇంజన్ల జాతరలు, మొదలవుతాయి. శుక్రవారం పొద్దున మొదలై ఆదివారం సాయంత్రానికి అయిపోయే పండగ ఇది. ఇంటి ఇంజన్లు నాలుగైదు ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు వేరే రైల్వేల నుంచి ఒకటో రెండో ఇంజన్లు చుట్టపుచూపుగా వస్తాయి. పోస్టరు మీద బొమ్మ ఆ చుట్టానిదే. టికెట్లు అమ్ముడయ్యేది దాని పేరు మీదే. సోమవారం తెల్లారేసరికి దాని కింద నిప్పు ఉండదు, గేటు బయట లారీ ఎదురుచూస్తూ ఉంటుంది.

ఈ పద్ధతి మారాలన్నది నా వాదన. అంత దూరం నుంచి తెచ్చిన ఇంజన్ని కనీసం నాలుగు వారాలు ఉంచుకోవాలి. మామూలు రోజుల్లో మామూలు రైళ్ళకు కట్టి తిప్పాలి. గాలా ఆ నాలుగు వారాల చివర్లో రావాలి. డబ్బు లెక్క ఇందులో ఒక భాగం మాత్రమే. ఒక ఆవిరి ఇంజను ఇంకో ఊరి పట్టాల మీద కుదురుకోవడానికి ఏమేం జరగాలో తెలిస్తే, మూడు రోజుల పద్ధతి ఇంజనుకీ మనుషులకీ ఎంత అన్యాయమో అర్థమవుతుంది.

బ్రిటిష్ రైల్వేలు ఆవిరి ప్రయాణాలకు ముగింపు పలికింది 1968 ఆగస్టు 11న. తుక్కుకు పోయినవి పోగా మిగిలినవి దేశమంతా చెదిరిపోయాయి. సౌత్ వేల్స్‌లో బ్యారీ అనే ఊళ్ళోని ఒక్క తుక్కు యార్డు నుంచే ఔత్సాహికులు 213 ఇంజన్లను కొని బయటికి తెచ్చారు. ఇవాళ వాటిలో చాలావరకు ఏదో ఒక సంఘం సొత్తు. ఆ సంఘాలు ఒక్కోటి ఒక్కో చిన్న రైల్వేను ఆశ్రయించుకుని ఉంటాయి. అసలు లైన్ల మీద సొంతంగా నడిచి రావాలంటే ఈ కాలపు రక్షణ పరికరాలూ వేరే ధ్రువపత్రాలూ కావాలి, అవి ఉన్న ఇంజన్లు కొన్నే. కొన్ని హెరిటేజ్ రైల్వేలకైతే అసలు లైనుతో కలిసే పట్టాలే లేవు. అందుకే రైలింజను లారీ మీద వస్తుంది.

గాలాల్లో తరచూ కనిపించే బ్లాక్ ఫైవ్‌నే, అంటే స్టానియర్ అనే ఇంజనీరు రూపొందించిన రకాన్నే తీసుకుందాం. ఇంజను 72 టన్నులు. బొగ్గూ నీళ్ళూ మోసుకుంటూ వెనక తగిలి వచ్చే టెండరు నిండా ఉంటే ఇంకో 54 టన్నులు, అందులో 9 టన్నుల బొగ్గు, 4,000 గ్యాలన్ల నీళ్ళు, అంటే సుమారు 18,000 లీటర్లు. రెండూ కలిపి ఒకే లారీ మీద పోవు. విడదీయాలి. మధ్యలో ఉన్న లాగుడు కడ్డీ పిన్ను దించాలి, నీటి గొట్టాలు, ఆవిరి గొట్టాలు, బ్రేకు గొట్టాలు ఊడదీయాలి. బొగ్గు, నీళ్ళు ఖాళీ చెయ్యాలి. ట్రైలరు వెనక ఏటవాలుగా పట్టాలు పరిచి, వించితో అంగుళం అంగుళం లాగి ఎక్కిస్తారు. ఇంజను ఎత్తు దాదాపు 13 అడుగులు. బ్రిటన్‌లో ఎత్తు రాయని వంతెన కింద కనీసం 16 అడుగుల 6 అంగుళాల జాగా ఉండాలన్నది లెక్క. అంటే ట్రైలరు మంచానికి మిగిలేది మూడు అడుగుల పైచిలుకే. బోర్డు పెట్టిన పొట్టి వంతెనలను తప్పించుకుంటూ దారి వేసుకోవాలి, పోలీసులకూ రోడ్డు అధికారులకూ వంతెనల అధికారులకూ ముందే తెలియజేయాలి.

బయటివాళ్ళకు తట్టని చిక్కు ఇంకొకటి ఉంది. ఇంజను ముఖం ఎటువైపు? చాలా హెరిటేజ్ రైల్వేల్లో ఇంజన్ని తిప్పే టర్న్‌టేబుల్ లేదు. వెస్ట్ సోమర్సెట్ రైల్వే చివరి స్టేషన్ మైన్‌హెడ్‌లో ఉన్నట్టు అన్నిచోట్లా ఉండదు. లారీ ఏ ముఖంగా దించితే ఉన్నన్నాళ్ళూ ఆ ముఖమే. ఇది ఫోటోలు తీసుకునేవాళ్ళ గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. నిటారైన ఎత్తు ఎక్కేటప్పుడు పొగగొట్టం పైవైపుంటే బాయిలర్లో నీళ్ళు వెనక్కి, నిప్పు మండే ఫైర్‌బాక్సు పైకప్పు మీదికి చేరతాయి. తిరగేసి వెళ్తే ముందుకు జారి పైకప్పు పల్చబడుతుంది. నీళ్ళు లేని పైకప్పు కిందే నిప్పు ఉంటుంది. కాబట్టి లారీ డ్రైవరుకు దారి చెప్పేటప్పుడే ముఖం సంగతి తేల్చుకోవాలి.

దించి, కలిపి, గొట్టాలు బిగించాక రెండు రకాల ఇబ్బందులు బయటపడతాయి. ఖాళీ చేసిన టెండర్లో ఆరిన తుప్పు కొత్త నీళ్ళతో కదిలి జల్లెడల్లోకి, అక్కడి నుంచి ఇంజెక్టరు శంకువుల్లోకి చేరుతుంది. ఇంజెక్టరు అంటే ఆవిరి వేగంతోనే నీటిని బాయిలర్లోకి తోసే పరికరం, దాని లోపలి సందులు మిల్లీమీటర్ల లెక్క. చిటికెడు తుప్పు చాలు, నీళ్ళు పట్టుకోకుండా కింద పారబోస్తుంది. రెండోది ఇరుసు పెట్టెలు, అంటే చక్రాల ఇరుసులు తిరిగే బేరింగులు ఉండే చోట్లు. దారిలో వాన కురిస్తే నూనె గుంటల్లోకి నీళ్ళు దిగుతాయి. నూనె పొర తెగిందంటే బేరింగు వేడెక్కుతుంది, అందులో పోసిన తెల్లలోహం సుమారు 240 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది. అందుకే మొదటి పరుగు ఒంటి ఇంజనుతో, రెండోది కొద్ది బోగీలతో. ప్రతి స్టేషన్లో ఆగి ఒక్కో ఇరుసు పెట్టెను చేతి వెనకభాగంతో తాకి చూస్తారు. అరచేతితో చూడరు, కాలిందంటే ఆ రోజంతా పార పట్టలేరు. చెయ్యి మూడు నాలుగు క్షణాలు ఆనించి ఉంచగలిగితే మంచిదే. ఉంచలేకపోతే రైలు ముందుకు కదలదు.

ఈ పరీక్ష జరిగే రోజు గురువారం అయితే, శుక్రవారం గాలా అయితే? వేడెక్కిన ఒక్క బేరింగు మొత్తం టైంటేబుల్‌ను కూలుస్తుంది. అదే నాలుగు వారాల ముందు తేలితే, నింపాదిగా విప్పి, గీకి, సరిచేసి బిగించుకోవచ్చు. మూడు రోజుల అతిథికి అంత వెసులుబాటు ఉండదు.

నిప్పు సంగతి ఇంకా ముఖ్యం. లారీ మీద వచ్చిన బాయిలరు చల్లగా ఉంటుంది. ముందు నీళ్ళు నింపాలి, నీటి మట్టం చూపే గేజి గ్లాసులో సగం దాటేదాకా. వేడెక్కితే నీళ్ళు ఉబ్బుతాయి కాబట్టి గ్లాసు నిండా నింపకూడదు. నిప్పు కింది బూడిద పెట్టె ఖాళీగా ఉందా, నీళ్ళు తగ్గితే కరిగే సీసపు బిరడాలు కారడం లేదు కదా, ట్యూబుల మూతుల దగ్గర చెమ్మ ఉందా అని లోపల దీపం వేసి చూడాలి. ఆ తర్వాత నూనె గుడ్డలు, ఎండు చెక్కలు, పైన కాస్త బొగ్గు. మొదటి రోజు నిప్పు బాయిలర్ని గోరువెచ్చ చెయ్యడానికే, ఆవిరి తియ్యడానికి కాదు. రాత్రంతా ఆ వెచ్చదనం ఇనుములోకి ఇంకాలి. రెండో రోజు మెల్లగా ఒత్తిడి లేపాలి.

ఎందుకింత నిదానం? బ్రిటిష్ ఇంజన్లలో చాలావాటికి లోపలి ఫైర్‌బాక్సు రాగిది, బయటి పెంకు ఉక్కుది. ఒకే వేడికి రాగి ఉక్కు కన్నా సుమారు 1.4 రెట్లు ఎక్కువ సాగుతుంది. బ్లాక్ ఫైవ్ పని ఒత్తిడి చదరపు అంగుళానికి 225 పౌన్లు. ఆ ఒత్తిడిలో నీళ్ళు 200 డిగ్రీలు దాటి ఉంటాయి. మూడు మీటర్ల పొడవున రాగి దాదాపు 9 మిల్లీమీటర్లు సాగితే ఉక్కు ఆరున్నరో ఏడో సాగుతుంది. ఈ తేడాను భరించేది రెండు గోడలనూ కట్టి ఉంచే వందలాది స్టే కడ్డీలు. ప్రతిసారీ అవి కొంచెం వంగుతాయి, చల్లారాక తిరిగి నిలబడతాయి. తొందరపెట్టి వేడిచేస్తే ఒకచోట వేడి, ఒకచోట చలి. ఆ వంపు ఇంకా ఎక్కువ. స్టేలు విరిగేది అక్కడే, ట్యూబులు కారేదీ అక్కడే. బాయిలర్ని అరగదీసేది నడిచిన మైళ్ళ కన్నా ఎక్కువగా ఈ వేడి-చలి చక్రాలే. మూడు రోజుల కోసం ఒక పూర్తి చక్రం ఖర్చు పెట్టడం నాకు మింగుడుపడదు. అదే చక్రంలో పది పదిహేను రోజులు, రాత్రిళ్ళు వెచ్చగానే ఉంచుతూ నడపొచ్చు. నాలుగు వారాల్లో మధ్యలో ఒకసారి చల్లార్చి బాయిలరు కడగాల్సి వచ్చినా లెక్క మనవైపే ఉంటుంది.

ఇక నీళ్ళు. ప్రతి రైల్వేకూ తన నీటి గుణం, ఆ గుణానికి తగ్గ మందు ఉంటాయి. సున్నం ఎక్కువున్న ఊరి నుంచి వచ్చిన బాయిలరు గోడలకు పాత పొర అంటుకుని ఉంటుంది. కొత్త మందు ఆ పొరను వదులు చేస్తే బురద లేచి, నీళ్ళు నురగ కడతాయి. నురగ ఆవిరితో పాటు, ఆవిరిని వదిలే రెగ్యులేటరు వాల్వు దాటి సిలిండర్లలోకి పోతుంది. నీళ్ళు ఆవిరిలా నలగవు. పిస్టను వెళ్ళి నీటిని గుద్దుకుంటే మూతలు పగలొచ్చు, కడ్డీలు వంగొచ్చు. పొగగొట్టంలోంచి మసినీళ్ళు చిమ్మడం మొదలైతే డ్రైవరు వెంటనే రెగ్యులేటరు తగ్గించి, సిలిండరు కుళాయిలు తెరవాలి. మొదటి వారమంతా రోజూ నీటి నమూనా తీసి, కరిగి ఉన్న లవణాలు కొలిచి, బాయిలరు అడుగు నుంచి కొంత కొంత వదిలేస్తూ ఉంటే ఇది సర్దుకుంటుంది. అంటే సర్దుకునే వేళకు మూడు రోజుల అతిథి ఎప్పుడో ఇంటి దారి పట్టి ఉంటుంది.

గాలాలో చాలామంది గమనించని దృశ్యం ఒకటి ఉంది, దాన్ని దగ్గరగా చూడాలి. చివరి స్టేషన్లో ఒక ఇంజను తప్పుకుని ఇంకో ఇంజను రైలుకు తగులుతుంది. ఇంజన్లనూ బోగీలనూ కలిపి విడదీసే షంటరు బోగీకీ ఇంజనుకీ మధ్యకు దిగుతాడు. డ్రైవరు ఇంజన్ని కాస్త వెనక్కి నొక్కి బఫర్లు కుదించి పెడితే రెండింటినీ బిగించి ఉంచే స్క్రూ కప్లింగు వదులవుతుంది. దాన్ని తిప్పి విప్పుతాడు, బ్రేకుల వాక్యూమ్ గొట్టం ఊడదీస్తాడు. కొత్త ఇంజను వచ్చి తగులుతుంది. అన్నీ బిగించాక కూడా రైలు కదలదు. ఎవరో ఒకరు రైలు పొడవునా నడుస్తూ ప్రతి బోగీ పక్కనా ఉన్న ఒక తాడును పట్టి లాగుతారు. ఒక్కోచోట భుస్సుమని శబ్దం వస్తుంది.

దీని వెనక వందేళ్ళ నాటి కంపెనీల పట్టుదల ఉంది. వాక్యూమ్ బ్రేకులో ఇంజను రైలు గొట్టంలోంచి గాలిని లాగేస్తే బ్రేకులు వదులుతాయి, గాలి లోపలికి వస్తే పడతాయి. ఎంత లాగారన్నది పాదరసపు అంగుళాల్లో కొలుస్తారు. ఆ పాత కంపెనీల్లో ఒకటైన గ్రేట్ వెస్టర్న్ రైల్వే 25 అంగుళాలు లాగేది. మిగతావాళ్ళు 21తో సరిపెట్టుకున్నారు. బోగీ కింది బ్రేకు సిలిండర్లో పిస్టనుకు పైన ఒక గది ఉంటుంది. అందులో ఒకసారి ఏర్పడ్డ వాక్యూమ్‌ను చిన్న గోళీ వాల్వు పట్టి ఉంచుతుంది. గ్రేట్ వెస్టర్న్ ఇంజను వదిలి వెళ్ళాక పైగదిలో 25 ఉంది. తర్వాత వచ్చిన ఇంజను కింద 21 మాత్రమే తేగలదు. ఆ నాలుగు అంగుళాల తేడా పిస్టన్ని పైకి నెట్టి, బ్రేకు దిమ్మెను చక్రానికి రాస్తూనే ఉంటుంది. తాడు లాగితే పైగదిలోకి గాలి పోయి తేడా తీరుతుంది. ఒక్క బోగీని మరిచిపోతే, రెండు మైళ్ళు పోయేసరికి ఆ బోగీ కింద పొగ, కాలిన ఇనుము వాసన, ఎత్తు ఎక్కలేక మూలిగే ఇంజను. తప్పు మాత్రం చూసేవాళ్ళకు ఇంజనుదే అనిపిస్తుంది. అతిథి వచ్చాక దాని వాక్యూమ్ వాల్వును 21కి సరిచేసి పెట్టుకుంటే ఈ బెడద ఉండదు. ఎనిమిది గంటల పని కూడా కాదది, కానీ తీరిక కావాలి.

బొగ్గు కూడా అంతే. గ్రేట్ వెస్టర్న్ ఇంజన్ల లోతైన ఫైర్‌బాక్సులను మెత్తటి వేల్స్ ఆవిరి బొగ్గు కోసం కట్టారు. తలుపు కింద మందంగా గుట్టలా పేర్చి, ముందుకు వాలుగా వదిలేసి, నిదానంగా మండనివ్వాలి. బొగ్గు వేసే ఫైర్‌మన్ వేరే ఇంజన్లకు అలవాటుపడ్డవాడైతే పల్చగా, తరచుగా చల్లుతాడు. పల్చటి నిప్పులో కన్నాలు పడి చల్లగాలి దూరుతుంది, ఒత్తిడి పడిపోతుంది. పైగా మెర్థిర్ టిడ్‌ఫిల్ దగ్గరి ఫాస్-ఇ-ఫ్రాన్ గని 2023 నవంబరులో మూతపడ్డాక రైల్వేలు దిగుమతి బొగ్గు మీద, కూర్చిన బొగ్గు ఉండల మీద ఆధారపడుతున్నాయి. ఒక్కో రకం ఒక్కోలా మండుతుంది. కొన్నింటి చిట్టెం కరిగి నిప్పు కింది కమ్మీల మీద గాజుపలకలా గడ్డకట్టి గాలిని ఆపేస్తుంది. కొత్త ఇంజను, కొత్త బొగ్గు, నిండు రైలు, ప్లాట్‌ఫారం మీద వందల కెమెరాలు. ఈ నాలుగూ ఒకే రోజున ఫైర్‌మన్ నెత్తిన పెట్టడం న్యాయం కాదు. డ్రైవరు పరిస్థితీ అంతే. గ్రేట్ వెస్టర్న్ ఇంజన్లో అతని చోటు కుడివైపు, స్టానియర్ ఇంజన్లలో ఎడమవైపు. అలవాటైన దారిలోనే సిగ్నల్ కనబడే వైపు, ప్లాట్‌ఫారం వచ్చే వైపు, ఒంటి లైనులోకి వెళ్ళడానికి అనుమతిగా ఇచ్చే టోకెన్ అందుకునే వైపు అన్నీ తారుమారవుతాయి.

ఈ పనంతా చేసేవాళ్ళలో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు. నెలకు రెండు మూడు రోజులు వస్తారు. మూడు రోజుల గాలాలో రోజుకు రెండు జట్లు అనుకుంటే అతిథి ఇంజను మీద చెయ్యి వేసేది ఆరు జట్లు. అదీ యజమాని సంఘం మనిషి పక్కనే నిలబడి ఇది తిప్పు, అది ముట్టుకోకు అంటుంటే. నాలుగు వారాలు ఉంచితే షెడ్డులో దాదాపు అందరికీ ఒక వంతు వస్తుంది. రేపు తమ సొంత ఇంజనును నడిపేటప్పుడు ఆ అనుభవం పనికొస్తుంది.

ఎదురు వాదనలు లేకపోలేదు, వాటిలో బలమున్నవీ ఉన్నాయి. అద్దె రోజు లెక్కన ఉంటుంది కాబట్టి ఎక్కువ రోజులు అంటే ఎక్కువ అద్దె. నిజమే. కానీ అసలు భారం రోజు అద్దె కాదు. దించడం, కలపడం, తనిఖీ, నిప్పు, పరీక్ష పరుగు, చివర చల్లార్చడం, మళ్ళీ విడదీసి ఎక్కించడం అన్నీ కలిపితే ఏడెనిమిది రోజుల పని. రాను పోను లారీ ఖర్చే వేల పౌన్లు. మూడు రోజులు నడిపినా పదిహేను రోజులు నడిపినా ఇవి మారవు. ఇంకొకటి, తమ ఇంజను అన్నాళ్ళు బయట ఉంటే అరిగిపోతుందని యజమానులు అంటారు. టైర్లు, బేరింగులు అరిగే మాట నిజం. కానీ అక్కడ బాయిలరు ధ్రువపత్రం సాధారణంగా పదేళ్ళకు ఇస్తారు, అది క్యాలెండరు లెక్క. ఇంజను షెడ్డులో నిద్రపోయినా రోజులు తరుగుతూనే ఉంటాయి. పదేళ్ళు నిండాక విప్పి బాగుచేయడానికి లక్షల పౌన్లు కావాలి. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే పేరుమోసిన ఇంజను 2016లో తిరిగి నడిచేసరికి 42 లక్షల పౌన్లు అయింది. అదే ఇంజను 2019 వసంతంలో స్వానేజ్ రైల్వేకు వచ్చి మూడు వారాలకు పైగా ఉంది. పెద్ద ఇంజను అన్నాళ్ళు ఉండగలిగితే చిన్నవి ఎందుకు ఉండలేవు?

కొత్తదనం పోతే జనం రారని మూడో మాట. నేను ఒప్పుకోను. గాలా ఆదివారం కిటికీ దగ్గర చోటు దొరకని కుటుంబం, మూడో వారం బుధవారం అదే ఇంజను వెనక మొదటి బోగీలో హాయిగా కూర్చోగలదు. సెవెర్న్ వ్యాలీ రైల్వే మొదలయ్యే కిడర్‌మిన్స్టర్ స్టేషన్ అసలు లైను స్టేషనుకు పక్కనే, బర్మింగ్‌హామ్‌లో ఉండే మనవాళ్ళకు రైల్లో గంట లోపు. లీడ్స్ వాళ్ళకు కీత్లీ ఇంకా దగ్గర, అక్కడ రెండు రైల్వేలూ ఒకే స్టేషన్ పంచుకుంటాయి. లెస్టర్ వాళ్ళకు ఊరి అంచు దాకా గ్రేట్ సెంట్రల్ రైల్వే వస్తుంది.

మన దేశంలో ఆవిరి ఇంజన్లలో ఎక్కువ శాతం స్టేషన్ల ముందు సిమెంటు దిమ్మెల మీద రంగు పూసుకుని నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు బిట్రగుంట షెడ్డులో పనిచేసినవాళ్ళకు తెలిసిన వాసన, వేడి ఆ దిమ్మెల దగ్గర దొరకవు. 1889లో గ్లాస్గోలో షార్ప్ స్టీవర్ట్ కంపెనీ కట్టిన డార్జిలింగ్ కొండ రైలు ఇంజను ఒకటి మాత్రం అమెరికా మీదుగా ఇంగ్లండ్ చేరి, వేల్స్‌లోని ఫెస్టినియాగ్ లాంటి చిన్న గేజి రైల్వేలకు అతిథిగా వెళ్ళి నడిచింది. ముందు వైపు ఒక మనిషి కూర్చుని పట్టాల మీద ఇసుక చల్లే ఇంజను అది. ఇలాంటిది వస్తే మూడు రోజులకే పంపేస్తారా?

ఇప్పటి పద్ధతిలోనే గాలాకు వెళ్ళాల్సి వస్తే శుక్రవారం వెళ్ళండి. జనం తక్కువ, ఇంజన్లు కొత్తగా కడిగి ఉంటాయి. ఎక్కువ ఎత్తున్న చోటు ఎంచుకోండి. నార్త్ యార్క్‌షైర్ మూర్స్ రైల్వేలో గ్రాస్‌మంట్ నుంచి గోత్‌లండ్‌కు 49 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కుతుంది, అంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం. ముందు ఇంటి ఇంజను రైలు, తర్వాత అతిథి రైలు, రెండూ ఒకే బోగీల సంఖ్యతో పైకి పోయేలా చూసుకోండి. రెండు సిలిండర్ల ఇంజను చక్రం ఒక చుట్టు తిరిగితే పొగగొట్టంలోంచి నాలుగు ఊపులు, అంటే నాలుగు భుస్సులు, వినిపిస్తాయి. ఆరడుగుల చక్రమైతే గంటకు పది మైళ్ళ దగ్గర క్షణానికి మూడు. గ్రెస్లీ అనే ఇంజనీరు రూపొందించిన మూడు సిలిండర్ల ఇంజన్లకు చుట్టుకు ఆరు. కళ్ళు మూసుకుని లెక్కపెట్టండి. ఊపులన్నీ సమానంగా పడుతున్నాయా, ఒకటి కుంటుతోందా? కుంటుతుంటే సిలిండర్లలోకి ఆవిరిని పంపే వాల్వుల సెట్టింగు తప్పింది. దాన్ని సరిచేయడానికి షెడ్డువాళ్ళకు ఎన్ని రోజులు ఉన్నాయో పోస్టరు మీద తేదీలు చూస్తే తెలుస్తుంది.